ఎవరెస్ట్ అంతర్జాతీయ బృందంలో ఒక చోటు: కట్టిన డబ్బుకు ఏమొస్తుంది?

నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కాలనుకునే మనవాళ్లలో ఎక్కువమంది చివరికి కొనేది ఒకే రకం సేవ. కఠ్మాండూలోని ఏదో ఒక సంస్థ ఏప్రిల్, మే నెలల సీజన్ కోసం రకరకాల దేశాల వాళ్లను కలిపి ఒక జట్టు కడుతుంది. అందులో మనకో చోటు ఇస్తుంది. పర్మిట్, బేస్ క్యాంప్ గుడారాలు, వంట, షెర్పా, ఆక్సిజన్ అన్నీ ఆ ప్యాకేజీలోనే ఉంటాయి. ఇక్కడ ఏ ఒక్క సంస్థనూ పొగడడం లేదు, తెగడడం లేదు. ఆ సేవలో ఏ భాగానికి డబ్బు పెట్టాలో, దేన్ని వదులుకున్నా నష్టం లేదో, ఎక్కడ మోసపోతామో చూద్దాం.

ముందే చెప్పేస్తాం. వేడి డైనింగ్ టెంటు, కాఫీ మెషీన్, వైఫై ఉన్న ప్యాకేజీకీ, అవి లేని ప్యాకేజీకీ 8,000 మీటర్ల పైన ఏ తేడా ఉండదు. అక్కడ పనికొచ్చేవి మూడే: మీ పేరు మీద ఎన్ని ఆక్సిజన్ సిలిండర్లు పైకి చేరాయి, మీ పక్కనున్న షెర్పా ఎవరు, వెనక్కి తిరగమని చెప్పే అధికారం ఎవరిది. బ్రోచర్‌లో ఈ మూడింటి గురించే అన్నిటికన్నా తక్కువ రాస్తారు.

పర్మిట్ సంగతి త్వరగా చెప్పుకుందాం. నేపాల్ వైపున్న దక్షిణ మార్గంలో వసంతకాలపు పర్మిట్ ఫీజు 2025 సెప్టెంబర్ 1 నుంచి మనిషికి 15,000 డాలర్లు, మన డబ్బులో సుమారు 13 లక్షలు. అంతకుముందు 11,000 డాలర్లు ఉండేది. పాత ధరతో వేసిన కొటేషన్ ఇంకా తిరుగుతూ ఉంటే తేడా ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా అడగండి. పర్మిట్ జట్టు పేరు మీద వస్తుంది. దాని మీద నాయకుడిగా ఉన్న పేరు ఒకరిదీ, బేస్ క్యాంప్‌లో నిర్ణయాలు తీసుకునేది ఇంకొకరూ కావచ్చు. ఆ రెండు పేర్లూ ముందే తెలుసుకోవాలి.

జట్టు అంటే ఎంతవరకు జట్టు?

ఎవరెస్ట్ మీద దేశదేశాల వాళ్లు కలిసి ఎక్కే ప్రయత్నం పాతదే. 1971లో నార్మన్ డైరెన్‌ఫర్త్ నాయకత్వంలో వెళ్లిన అంతర్జాతీయ యాత్ర నైరుతి ముఖాన్నీ, పడమటి గట్టునూ ఒకేసారి లక్ష్యంగా పెట్టుకుంది. తుఫానులో మన సైన్యాధికారి హర్ష్ బహుగుణ చనిపోయారు. ఆ తర్వాత మనుషులూ సామానూ ఏ దారికి ఇవ్వాలన్న గొడవలతో జట్టు చీలిపోయింది. నైరుతి ముఖం మీద డాన్ విలన్స్, డూగల్ హేస్టన్ సుమారు 8,350 మీటర్ల దాకా వెళ్లి ఆగిపోయారు. జట్టులో పేరున్న ఆరోహకులు చాలామందే ఉన్నా, ఎవరు ఎవరికోసం బరువు మోయాలన్న దగ్గరే పని చెడింది.

ఇప్పటి వాణిజ్య జట్టులో ఆ గొడవ రాదు. కారణం, పనంతా వేరేవాళ్లు చేస్తారు. బేస్ క్యాంప్ పైనే ఉండే, పగుళ్లతో విరిగిపడే మంచు ప్రవాహం ఖుంబు ఐస్‌ఫాల్‌లో నిచ్చెనలూ తాళ్లూ వేసేది సాగర్‌మాత కాలుష్య నియంత్రణ కమిటీకి చెందిన ఐస్‌ఫాల్ డాక్టర్లు. బేస్ క్యాంప్ పైనున్న నాలుగు మజిలీల్లో రెండోదైన క్యాంప్ 2 పైనుంచి శిఖరం దాకా తాడు కట్టేది సంస్థలన్నీ కలిసి పంపే షెర్పా బృందం. మీరు ఆ తాడుకు జుమార్ (తాడు మీద పైకే జరిగే పట్టు సాధనం) తగిలించి ఎక్కుతారు. డైనింగ్ టెంటులో పదిమందితో కలిసి తింటారు, రొటేషన్లలో, అంటే ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి పైకెళ్లి దిగే విడతల్లో, కలిసి నడుస్తారు. చివరి మజిలీ క్యాంప్ 4 దాటాక మాత్రం మీ జట్టంటే మీరూ, మీ షెర్పా, అంతే. మీ వేగం పక్కవాడి వేగంతో కలవదు, కలపాలని చూడకూడదు కూడా. అందుకే జట్టులో ఎన్ని దేశాల వాళ్లున్నారు, ఎంత అనుభవం ఉన్నవాళ్లున్నారు అన్న ప్రచారానికి డబ్బు ఎక్కువ ఇవ్వకండి. ఒక్క విషయంలో మాత్రం తోటివాళ్లు ముఖ్యం. జట్టులో బాగా నెమ్మదిగా నడిచేవాళ్లు నలుగురుంటే, వాళ్లను దించడానికి మీ కోసం కేటాయించిన షెర్పాను లాగేసుకునే ప్రమాదం ఉంది. తోటి సభ్యులు ఇంతకుముందు ఏ శిఖరాలు ఎక్కారని అడిగే హక్కు మీకుంది. కనీసం ఒక 7,000 మీటర్ల శిఖరం కూడా ఎక్కనివాళ్లను చేర్చుకునే సంస్థను మేము సిఫారసు చేయం.

ఆక్సిజన్: అసలు లెక్క

ఈ సేవలో అతి ఖరీదైన సరుకు ఇదే, ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే. శిఖరం మీద గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానిలో మూడో వంతు. సాధారణంగా ఇచ్చేది 4 లీటర్ల సిలిండర్. 300 బార్ (బార్ అంటే పీడనం కొలత) దాకా నింపితే సుమారు 1,200 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది. 260 బార్‌కే నింపితే 1,040 లీటర్లే. సిలిండర్ల సంఖ్య ఒకటే అయినా ఆరు సిలిండర్ల మీద దాదాపు వెయ్యి లీటర్లు తగ్గిపోయాయన్నమాట. కాబట్టి కొటేషన్‌లో "ఆరు సిలిండర్లు" అని చూసి ఊరుకోకండి. ఎన్ని లీటర్లవి, ఎన్ని బార్ దాకా నింపినవి అని రాయించుకోండి.

ఎన్ని కావాలో చేత్తో లెక్క వేసుకోవచ్చు. సుమారు 7,200 మీటర్ల దగ్గరుండే క్యాంప్ 3లో పడుకునేటప్పుడు నిమిషానికి ఒక లీటరు చొప్పున పది గంటలకు 600 లీటర్లు. అక్కణ్నుంచి 7,900 మీటర్లు దాటిన సౌత్ కోల్‌కు, అంటే క్యాంప్ 4కు, నిమిషానికి రెండు లీటర్లతో ఎనిమిది గంటలంటే 960. కోల్‌లో విశ్రాంతి ఎనిమిది గంటలకు 480. శిఖరానికి ఎక్కి దిగడానికి పదిహేను గంటలు పెట్టుకుంటే, రెండు లీటర్ల ధారతో 1,800, మూడు లీటర్లతో 2,700, నాలుగుతో 3,600. దిగొచ్చాక కోల్‌లో మరో రాత్రికి 480. మొత్తం రెండు లీటర్లతో 4,320, మూడుతో 5,220, నాలుగుతో 6,120 లీటర్లు. నిండు సిలిండర్లయితే వరసగా నాలుగు, ఐదు, ఆరు పడతాయి. ఏ లెక్కలోనైనా ఒకటి అదనంగా ఉండి తీరాలి. శిఖరానికి కాస్త ముందుండే హిలరీ స్టెప్ దగ్గర వరసలో మూడు గంటలు ఆగిపోతే మూడు లీటర్ల ధారతో 540 లీటర్లు ఒక్క అడుగూ వేయకుండానే అయిపోతాయి. 2019 మేలో శిఖరం కింద కట్టిన పొడవాటి వరస ఫొటో చూసినవాళ్లకు ఈ లెక్క ఎందుకు చెబుతున్నామో అర్థమవుతుంది.

ఐదు సిలిండర్ల ప్యాకేజీ చూపించి "నాలుగు లీటర్ల ధార ఇస్తాం" అనే సంస్థ మాట నమ్మకండి. పై లెక్క ప్రకారం అది కుదరదు. షెర్పాకు ఎన్ని ఇస్తున్నారో కూడా విడిగా అడగండి. ఆయన కోటా తగ్గించి మీ కోటా పెంచే ప్యాకేజీలో, పైన ఆక్సిజన్ ధారను సర్దే మీ రెగ్యులేటర్ బిగుసుకుపోతే సాయం చేయాల్సిన మనిషి మీకన్నా ముందే అలసిపోతాడు.

బేస్ క్యాంప్‌లో సిలిండర్లు చూపించమని అడగండి, చూపించకపోతే పట్టుబట్టండి. ప్రతి సిలిండర్‌కూ రెగ్యులేటర్ తగిలించి గేజీ చదవాలి. చదివిన అంకె, మీ పేరు మార్కర్‌తో సిలిండర్ మీదే రాయాలి. ఇక్కడ ఒక చిక్కుంది. చలికి వాయువు పీడనం తగ్గుతుంది. 20 డిగ్రీల వేడిలో 290 బార్ చూపించిన సిలిండరే మైనస్ 20 దగ్గర సుమారు 250 చూపిస్తుంది. సిలిండర్ కారలేదు, చలికి సూది పడిందంతే. అది తెలియక పైన కంగారుపడి ధార తగ్గించుకున్నవాళ్లున్నారు. అదే చలి పేరు చెప్పి తక్కువ నింపినవి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. కొలిచిన చోటి చలి ఎంతో కూడా అంకె పక్కన రాసుకుంటే రెండు ఇబ్బందులూ ఉండవు.

మాస్కు ముఖానికి సరిపోవాలి. ముక్కు దగ్గర సందు ఉంటే ఊపిరిలోని తేమ పైకెక్కి గాగుల్స్ మంచుపడతాయి. గాగుల్స్ తీసేస్తే కళ్లు మంచు వెలుగుకు దెబ్బతింటాయి. బేస్ క్యాంప్‌లోనే మాస్కు, గాగుల్స్, ఈకలు కుక్కిన డౌన్ సూట్ టోపీ, హెల్మెట్ అన్నీ కలిపి పెట్టుకుని అరగంట నడిచి చూడాలి. ఊపిరి వదిలే వాల్వు దగ్గర తేమ గడ్డకడుతుంది, ఇది దాదాపు అందరికీ ఎదురయ్యే సమస్య. గంటకోసారి మాస్కును చేత్తో నొక్కి ఆ మంచును విరగ్గొట్టాలి. సిలిండర్ మార్చేటప్పుడు మరల్లో మంచు, ఇసుక లేకుండా ఊది, సూటిగా తిప్పి బిగించాలి. సర్రుమని శబ్దం వస్తే మర అడ్డంగా పడిందో, లోపలి రబ్బరు ఓ-రింగ్ దెబ్బతిందో అయి ఉంటుంది. విప్పి మళ్లీ బిగించాలి తప్ప బలంగా తిప్పకూడదు. మరలకు నూనె, గ్రీజు అసలు పూయొద్దు, అధిక పీడనంలో ఉన్న ఆక్సిజన్‌తో కలిస్తే అంటుకుంటుంది. అదనపు మాస్కు ఒకటి, అదనపు రెగ్యులేటర్ ఒకటి షెర్పా సంచిలో ఉండాలి. "మొత్తం జట్టుకు కలిపి ఒక అదనపు సెట్టు" అన్న ఏర్పాటు పనికిరాదు. ఆ సెట్టు ఉన్న మనిషి మీకు రెండు గంటల దూరంలో ఉంటే అది లేనట్టే.

సౌత్ కోల్ నుంచి రాత్రి బయల్దేరి, సుమారు 8,400 మీటర్ల దగ్గర బాల్కనీ అనే చదును చోటు చేరాక సిలిండర్ మార్చడం మామూలు పద్ధతి. నాలుగు లీటర్ల ధారతో నిండు సిలిండర్ ఐదు గంటలే వస్తుంది, బాల్కనీకి పట్టేది కూడా ఇంచుమించు అంతే. తిరుగు ప్రయాణానికి అక్కడ దాచిన సిలిండర్ మాయమవుతుంటుంది, ఇది ఏటా వినపడే ఫిర్యాదు. దాచేది మీ షెర్పాయేనా, ఎక్కడ ఎలా గుర్తుపెడతాడు అన్నది ముందురోజే మాట్లాడుకోండి.

షెర్పా

ఒకరికి ఒక షెర్పా అన్నది కనీస షరతు. ఇద్దరికి ఒకరు అన్న చవక ప్యాకేజీలో మీ తోటివాడు బాల్కనీ దగ్గర వెనక్కి తిరిగితే మీరూ తిరగాల్సిందే, లేదా ఒంటరిగా పోవాలి. మీరు డబ్బు కట్టింది ఈ రెండిటిలో దేనికోసమూ కాదు. షెర్పా ఎవరో బయల్దేరేముందే పేరు చెప్పమనండి. ఎవరెస్ట్ శిఖరానికి ఇంతకుముందు ఎన్నిసార్లు వెళ్లాడు, గైడ్ శిక్షణ పొందాడా, లేక బరువులు మోసే అనుభవమే ఉందా? ఇవన్నీ ధరలో కలిసే తేడాలు. అడిగితే మంచి సంస్థ వెంటనే చెబుతుంది.

ఈ సేవ మొత్తం వీళ్ల మీదే నిలబడింది కాబట్టి వాళ్లకేం దక్కుతోందో అడగడం మన బాధ్యత. 2014 ఏప్రిల్ 18న ఐస్‌ఫాల్ మీద మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. అందరూ జట్ల కోసం పనిచేస్తున్నవాళ్లే. మనం ఐస్‌ఫాల్ దాటేది ఒక సీజన్‌లో నాలుగైదుసార్లయితే, వాళ్లు సామాను మోస్తూ దానికి ఎన్నో రెట్లు దాటుతారు. మొదటి రొటేషన్‌ను ఐస్‌ఫాల్‌లో కాకుండా 6,119 మీటర్ల లొబూచే ఈస్ట్ శిఖరం మీద చేయించే సంస్థకు మా మార్కులు ఎక్కువ. మీకూ ఒక ప్రమాదం తగ్గుతుంది. శిఖరం చేరితే షెర్పాకు ఇచ్చే బోనస్ సాధారణంగా 1,500 నుంచి 2,000 డాలర్లు, ప్యాకేజీ ధరలో కలపరు. ఆ బోనస్ "శిఖరం చేరితేనే" అన్న షరతుతో ఉంటే మంచిది కాదు. మిమ్మల్ని వెనక్కి తిప్పాల్సిన మనిషికి తిప్పితే నష్టం వచ్చేలా పెట్టిన షరతు అది. సౌత్ కోల్ దాటితే పూర్తి బోనస్ ఇస్తామని ఒప్పుకునే సంస్థలున్నాయి. లేకపోతే మీరే ఆ మాట షెర్పాకు ముందే ఇవ్వండి.

2023 మేలో గేల్జే షెర్పా బాల్కనీ దగ్గర కదల్లేని స్థితిలో ఉన్న ఒక మలేషియా ఆరోహకుణ్ని చూసి, తన క్లయింటు యాత్రను ఆపించి, ఆయన్ను వీపున మోస్తూ, ఈడుస్తూ సుమారు ఆరు గంటలపాటు దించాడు. 8,000 మీటర్ల పైన ఇలాంటి రక్షణకు ఏ బీమా కంపెనీ హామీ ఇవ్వలేదు. హెలికాప్టర్ మామూలుగా వచ్చి దిగేది క్యాంప్ 2 దాకా, అంటే సుమారు 6,400 మీటర్లు. ఆ పైనుంచి మనుషులే దించాలి.

వెనక్కి తిరిగే వేళ

1996 మే 10న రెండు వాణిజ్య జట్లు మధ్యాహ్నం రెండు దాటినా శిఖరం వైపే నడిచాయి. తుఫాను పట్టుకుంది. ఆ రోజూ మర్నాడూ కలిపి పర్వతం మీద ఎనిమిదిమంది చనిపోయారు, వాళ్లలో ఆ రెండు జట్ల నాయకులూ ఉన్నారు. అప్పటినుంచి ప్రతి సంస్థా తిరుగు వేళ గురించి మాట్లాడుతుంది. దాన్ని ఎంతమంది అమలు చేస్తారన్నది వేరే ప్రశ్న. మీరు అడగాల్సినవి: గడువు ఎన్నింటికి, ఆ గడువు శిఖరానికేనా, బాల్కనీకి, శిఖరానికి ముందొచ్చే సౌత్ సమ్మిట్‌కు కూడా విడివిడిగా ఉందా, చివరి మాట షెర్పాదా, బేస్ క్యాంప్‌లో రేడియో దగ్గర కూర్చున్న నాయకుడిదా, క్లయింటు ఒప్పుకోకపోతే ఏం చేస్తారు. బాల్కనీకి గడువు లేని సంస్థ దగ్గర తిరుగు వేళ ఉన్నా ఉపయోగం తక్కువ. ఆలస్యం మొదలయ్యేది అక్కడే, శిఖరం కనిపించాక ఎవరూ ఆగరు.

వాతావరణ సూచన ఎక్కడ కొంటున్నారో కూడా అడగండి. మే మధ్య నుంచి ఆఖరి దాకా జెట్ స్ట్రీమ్ (పైఎత్తుల్లో వీచే బలమైన గాలి) ఉత్తరానికి జరిగినప్పుడు నాలుగైదు రోజుల అనువైన వేళ దొరుకుతుంది. మొదటి రోజే అందరూ ఎక్కేస్తారు. రెండో, మూడో రోజుదాకా ఆగే ఓపిక, అందుకు తగ్గ ఆహారం, ఆక్సిజన్ నిల్వ ఉన్న సంస్థ మంచిది.

తిండి గురించి కొద్దిగా. సుమారు 5,360 మీటర్ల ఎత్తులోని బేస్ క్యాంప్‌లో నీళ్లు 82 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకుండా అన్నం ఉడకదు, పప్పు అసలే ఉడకదు. అందుకే అక్కడి వంటవాళ్లు ప్రతిదీ కుక్కర్‌లోనే చేస్తారు, బాగానే చేస్తారు. దాల్ భాత్ మనకు కొత్తేం కాదు. పచ్చళ్లు, కారప్పొడులు క్యాంప్ 2 దాకా నోటికి రుచి తెస్తాయి, ఆ పైన చాలామంది కడుపు నూనెనూ కారాన్నీ ఒప్పుకోదు. వేడినీళ్లు పోస్తే సరిపోయే ఉప్మా మిక్స్ లాంటివి పై క్యాంపులకు చాలు. గ్యాస్ స్టవ్ మీద మంచు కరిగించి నీళ్లు చేయడానికి గంటలు పడుతుంది కాబట్టి, తాగే నీళ్ల పని షెర్పా ఒక్కడి మీదే వేయకండి.

బీమా పాలసీలో ఎత్తు పరిమితి చదవండి. సాధారణ ప్రయాణ బీమా ఈ ఎత్తులకు వర్తించదు. హెలికాప్టర్, ఆసుపత్రి, మృతదేహాన్ని స్వదేశానికి చేర్చడం మూడూ ఉండాలి. అవసరం లేకపోయినా హెలికాప్టర్ ఎక్కించి బీమా సొమ్ము కాజేసిన వ్యవహారం మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది. బేస్ క్యాంప్‌లో 2003 నుంచి నడుస్తున్న ఎవరెస్ట్ ఈఆర్ క్లినిక్ వైద్యుల మాట తీసుకున్నాకే దిగే నిర్ణయం చేయండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన లక్షణాలు కనిపిస్తే మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగకుండా కిందికి దిగాలి.

ఇక ధర. నేపాలీ సంస్థల దగ్గర పూర్తి ప్యాకేజీ సుమారు 40,000 నుంచి 55,000 డాలర్ల మధ్య దొరుకుతుంది. పాశ్చాత్య గైడ్లు నడిపే జట్లు 70,000 దాటతాయి. బూట్లు, డౌన్ సూట్ కలిపి రెండు లక్షలు, బోనస్, వంటవాళ్లకు ఇచ్చేది, బీమా ఇవన్నీ అదనం. మధ్య శ్రేణిలోని నేపాలీ సంస్థలో ఒకరికి ఒక షెర్పా, 300 బార్ సిలిండర్లు ఏడు, షెర్పాకు విడిగా కనీసం మూడు, అదనపు మాస్కు సెట్టు రాయించుకుంటే, పర్వతం ఎక్కడం తెలిసిన మనిషికి ఈ సేవ ఐదుకు నాలుగు. అవి లేని చవక చోటుకు రెండే ఇస్తాం. తాడు మీద నడవడం అక్కడే నేర్చుకుందామనుకునేవాళ్లకు ఏ ధరలోనూ సిఫారసు చేయం. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా భువనగిరి రాతికొండ మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకున్నాకే వెళ్లారు.

ఒప్పందంలో చివరగా చూడాల్సింది రద్దు షరతు. 2014లో మంచు విరిగిపడిన తర్వాత, 2015లో భూకంపం తర్వాత దక్షిణ వైపు సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. అలా ఆగిపోతే ఆక్సిజన్ సొమ్ము తిరిగి ఇస్తారా, మరుసటి ఏడాదికి ఏవి చెల్లుతాయి, వాడని సిలిండర్లకు ఎంత వాపసు అన్నవి అంకెలతో రాయించుకుని, అడ్వాన్స్ ఆ తర్వాతే పంపండి.